సింహానికి భయం వేస్తే



శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు తెలుగు చెప్పిన ఒక సారు పేరిట ఏటా జరిగే ఉపన్యాసం ఇది. ఆయన పాఠం చెబుతుంటే తరగతి గదిలో జంతువులు మాట్లాడేవని శిష్యులు ఇప్పటికీ అంటారు. అందుకే ఈసారి మాట్లాడే జంతువు గురించే చెప్పాలనుకున్నాను. ఆ జంతువు ఒక సింహం, పేరు ముఫాసా. 1994లో రోజర్ అల్లర్స్, రాబ్ మింకాఫ్ దర్శకత్వంలో డిస్నీ తీసిన 'ది లయన్ కింగ్'లో చేత్తో గీసిన బొమ్మగా పుట్టింది. 2019లో జాన్ ఫావ్రో చేతుల్లో కంప్యూటర్ బొమ్మగా మళ్లీ పుట్టింది. 2024 డిసెంబరులో బారీ జెంకిన్స్ తీసిన 'ముఫాసా: ది లయన్ కింగ్'లో తన బాల్యంతో సహా తిరిగి వచ్చింది.

స్మారకోపన్యాసంలో బొమ్మల సినిమా సంగతేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. రాజు అనగానే పిల్లల మనసులో ఏ రూపం మెదులుతుందన్నది నా దృష్టిలో చాలా పెద్ద విషయం. చిన్నయసూరి నీతిచంద్రిక చదువుకున్న తరాలకు ఆ రూపం పింగళకుడనే సింహం, చిత్రగ్రీవుడనే పావురం. ఇవాళ్టి పిల్లలకు ముఫాసా. ఈ సభలో తాతలూ మనవలూ పక్కపక్కనే కూర్చున్నారు కనుక ఆ రాజులందరినీ ఒకచోట నిలబెట్టి చూడడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

నేను అడగదలచిన ప్రశ్న ఒక్కటే. ఈ సింహాన్ని లోకమంతా వివేకి అంటోంది, ఎందుకు? పంజా బలం వల్ల అయితే కాదు, ఆ బలం కథలో చెడ్డ సింహాలకూ ఉంది. గంభీరంగా మాట్లాడుతుంది కనుకనా అంటే, గంభీరంగా మాట్లాడే మూర్ఖులు కథల్లో కొల్లలు. తనకు భయం వేసినప్పుడు ఆ భయాన్ని ఏం చేశాడన్నదాన్ని బట్టే ముఫాసా వివేకి అయ్యాడని నా నమ్మకం.

మొదటి సినిమాలోని ఆ రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తండ్రి వద్దన్న చోటికి, ఏనుగుల శ్మశానానికి, ముఫాసా కొడుకు సింబా వెళ్తాడు. హైనాలు చుట్టుముడతాయి. ముఫాసా వచ్చి కాపాడతాడు. తర్వాత కొడుకును ఒంటరిగా నిలబెట్టి మందలించాలి. సింబా తల దించుకుని నడుస్తూ తండ్రి అడుగు ముద్రలో తన కాలు పెట్టి, అదెంత చిన్నదో చూసుకుంటాడు. అక్కడ ముఫాసా మందలిస్తాడు, నిజమే. కానీ ఆ వెంటనే, ఇవాళ నాకూ భయం వేసింది, నువ్వు దక్కవేమో అనుకున్నాను అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. రాజులకు కూడా భయం వేస్తుందా అని పిల్లవాడు ఆశ్చర్యపోతాడు. నా లెక్కన మొత్తం కథకు ఇరుసు ఆ క్షణం. జంతువులన్నీ తల వంచే దృశ్యంతో సినిమా మొదలవుతుంది, కానీ ముఫాసాకు రాజసం వచ్చింది అక్కడ కాదు, ఈ చీకట్లో కొడుకుతో నిజం చెప్పినప్పుడు.

ఇప్పుడు మన పింగళకుడి దగ్గరకు రండి. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మిత్రభేదం ఈ సింహంతోనే నడుస్తుంది. దాహం వేసి యమునా తీరానికి వస్తాడు. ఎక్కడి నుంచో ఒక రంకె వినిపిస్తుంది. అది వర్తకుడు అడవిలో వదిలేసి పోయిన సంజీవకుడనే ఎద్దుది. పచ్చగడ్డి మేసి బలిసి ఆనందంగా రంకె వేసింది, అంతే. మృగరాజు మాత్రం నీళ్లు తాగకుండానే వెనుదిరిగాడు. భయం వేసిందని ఎవరికీ చెప్పలేదు, దర్జాగా కూర్చున్నట్టు నటించాడు. ఆ నటనను దూరం నుంచి కనిపెట్టినవాడు దమనకుడు. కొలువులో స్థానం పోయి, మళ్లీ ఎలా చేరాలా అని కాచుకుని ఉన్న నక్క.

ఇక్కడ కథకుడి పనితనం చూడండి. పింగళకుడు తన భయాన్ని చివరికి చెప్పుకుంటాడు, కానీ చెప్పుకోకూడని వాడితో చెప్పుకుంటాడు. రాజు గుండెలోని భయం చేతికి చిక్కిన మరుక్షణమే దమనకుడు మంత్రి అయిపోయాడు. ఎద్దును తెచ్చి స్నేహం కలిపాడు. ఆ స్నేహం తనకు అడ్డమైన నాడు అదే భయాన్ని మళ్లీ ఊదాడు. నీ మిత్రుడే నీ శత్రువన్నాడు. సింహం నమ్మి ఎద్దును చంపింది, తర్వాత ఏడ్చింది. నీతిచంద్రిక పాఠమంటే చెడ్డవారి మాట వినవద్దు అని ముగించేవాళ్లం. ఆ పాఠం సరిపోదని నాకిప్పుడు అనిపిస్తోంది. యమున ఒడ్డున భయం వేసిన ఆ మొదటి రోజే తన వాళ్లెవరితోనైనా ఆ ముక్క చెప్పి ఉంటే దమనకుడికి అమ్ముకోవడానికి సరుకే ఉండేది కాదు.

ఇద్దరూ సింహాలే, ఇద్దరికీ భయం వేసింది. ఒకడు కొడుకుతో చెప్పాడు, ఒకడు నక్కతో చెప్పాడు.

ముఫాసా గొంతు సంగతికి వస్తాను. ఆ గొంతు లేకపోతే ఈ పాత్ర సగం కూడా నిలవదు. 1994లోనూ 2019లోనూ ఇంగ్లీషులో ముఫాసాకు గొంతు ఇచ్చినవారు జేమ్స్ ఎర్ల్ జోన్స్. 1931లో మిసిసిపీలో పుట్టారు, 2024 సెప్టెంబర్ 9న కన్నుమూశారు. 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ గొంతు కూడా ఆయనదే. ప్రపంచాన్ని వణికించిన ఆ గొంతు చిన్నప్పుడు నత్తి గొంతు. నలుగురిలో నోరు తెరవాలంటే భయపడి, దాదాపు ఎనిమిదేళ్లు ఆ పిల్లవాడు బయటివాళ్లతో మాట్లాడటమే మానేశాడు. హైస్కూల్లో ఒక ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడు రహస్యంగా కవిత్వం రాస్తాడని తెలుసుకుని, నువ్వు రాసిన పద్యాన్ని తరగతి ముందు చదువు అన్నాడు. పద్యం చదివేటప్పుడు నత్తి రాలేదు. అక్కడి నుంచి మొదలైంది. ఒక బడిసారు పేరిట జరిగే సభలో ఈ సంగతి చెప్పకుండా దాటిపోవడం నాకు సాధ్యం కాదు. రాజులకూ భయం వేస్తుందన్న మాట ఆ నోటి నుంచి వచ్చినప్పుడు అది రాసి ఇచ్చిన సంభాషణలా వినపడదు. ఆయన బాల్యం తెలిసినవారికి కారణం కూడా తెలుస్తుంది.

తెలుగులో ఆ బాధ్యత 2019లో పి. రవిశంకర్‌ది. 'అరుంధతి'లో సోనూ సూద్ వేసిన పశుపతికి గొంతు ఇచ్చింది ఆయనే. 2009లో తెలుగిళ్లలో పిల్లలు దుప్పటి కప్పుకుని విన్న గొంతు అది. అదే కంఠం పదేళ్ల తర్వాత ఒక తండ్రి సింహం నోట, నాకూ భయం వేసింది అని తెలుగు పిల్లలకు చెప్పింది. ఈ ఎంపిక ఎవరు చేశారో కానీ చాలా గొప్పగా చేశారని నా అభిప్రాయం. భయపెట్టడం తెలిసిన గొంతే భయాన్ని ఒప్పుకుంటే పిల్లవాడికి ధైర్యం వస్తుంది. అదే సినిమాలో సింబాకు నాని, ముఫాసా తమ్ముడు స్కార్‌కు జగపతిబాబు, సింబా నేస్తాలు పుంబా, టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ గొంతు ఇచ్చారు.

డబ్బింగ్ పని ఎంత కష్టమో బయటివారికి అంతగా తెలియదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచి ఆగుతాం. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ముగిసి నోరు మూతపడుతుంది. తెర మీద సింహం పెదవులు కలిసే చోట మన మాటలో పకారమో బకారమో మకారమో పడాలి. అర్థం చెడకూడదు, కాలం మించకూడదు, తెలుగు వాసన పోకూడదు. రచయిత ఆ మూడింటి మధ్య మాట వెతికి ఇస్తే, కళాకారుడు తెర వైపు చూస్తూ, చెవిలో అసలు గొంతు వింటూ, తన ఊపిరితో దానికి ప్రాణం పోస్తాడు. రవిశంకర్ తండ్రి పి.జె. శర్మ ఈ విద్యలో ఆరితేరినవారు. అన్న సాయికుమార్ గొంతు తెలియని తెలుగువారు లేరు. మరో సోదరుడు అయ్యప్ప పి. శర్మ 2024 సినిమాలో తెల్ల సింహాల నాయకుడు కీరోస్‌కు గొంతు ఇచ్చారు. ఒక ఇంటి నుంచే ఒకరు ముఫాసాను మాట్లాడించారు, మరొకరు ఆ ముఫాసా శత్రువును మాట్లాడించారు.

2024లో ముఫాసా మహేష్ బాబు. టాకా, అంటే ముందుముందు స్కార్ కాబోయేవాడు, సత్యదేవ్. మహేష్ గొంతు రవిశంకర్‌లా గర్జించదని కొందరు పెదవి విరిచారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఈ కథలో ముఫాసా ఇంకా రాజు కాదు. వరదలో తల్లిదండ్రులకు దూరమై కొట్టుకొచ్చిన అనాథ. నీళ్లంటే భయం పట్టుకున్న పిల్లవాడు. తక్కువ స్థాయిలో, ఆచితూచి, లోపలికి మాట్లాడే గొంతే వాడికి తగినది. రాజు కాకముందే రాజులా గర్జిస్తే కథ చెడేది.

ఈ రెండో కథ నా ప్రశ్నకు మరింత దగ్గరగా వస్తుంది. టాకా ముఫాసాను నీళ్లలోంచి కాపాడతాడు. టాకా తండ్రి ఒబాసికి దారిన పోయే సింహం ఇంట్లో ఉండటం ఇష్టం లేదు. కనుక వాడిని మగ సింహాల కొలువులో కాకుండా ఆడ సింహాలతో పెరగనిస్తాడు. శిక్షగా ఇచ్చిన ఆ చోటే వాడి గురుకులం అయింది. టాకా తల్లి ఎషే దగ్గర వాడు గాలి వాసన పట్టడం, నేల చప్పుడు వినడం, వేట కోసం ఓర్పుగా కాచుకోవడం నేర్చుకుంటాడు. రాజకుమారుడు టాకా నేర్చుకున్నది మాత్రం రాజసం ఒక్కటే. తెల్ల సింహాలు ఎషే మీద పడ్డ రోజున టాకా భయపడి పారిపోతాడు. పారిపోవడం నేరం కాదు, పిల్లవాడు. ఆ సిగ్గును ఎవరితోనూ చెప్పుకోలేక లోపలే పెట్టుకున్నాడు. అది అసూయ అయింది, అసూయ ద్రోహం అయింది. స్కార్ పుట్టింది అక్కడ. పింగళకుడిని పట్టిన రోగమే టాకానూ పట్టింది.

ముఫాసాను నేను గుడ్డిగా పొగడటం లేదు. 2024 కథ చివర తమ్ముడిలా పెరిగిన టాకా చేసిన ద్రోహం బయటపడ్డాక ముఫాసా వాడిని వెళ్లగొట్టడు, అక్కడే ఉండనిస్తాడు. కానీ వాడి పేరు ఇక తన నోట పలకనంటాడు. చోటు ఇచ్చి మాట తీసేశాడు. భయం గురించి కొడుకుతో అంత చక్కగా మాట్లాడగలిగినవాడు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ మౌనానికి ఖరీదు 1994 సినిమాలో చెల్లించాడు. అడవి దున్నల తొక్కిసలాటలోంచి కొడుకును ఎత్తి బయట వేసి, కొండ అంచుకు వేలాడుతూ తమ్ముడిని సాయం అడిగినప్పుడు ఆ తమ్ముడే కిందికి తోశాడు. హైనాల సంగతి కూడా నాకు మింగుడు పడదు. గడ్డి, జింక, సింహం ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని పాఠం చెప్పే రాజు, సరిహద్దు అవతల ఆకలితో ఉన్న హైనాలను ఆ ముడిలో చేర్చలేదు. వాటి ఆకలిని స్కార్ వాడుకున్నాడు. ముఫాసా మంచి తండ్రి, ఓ మోస్తరు రాజు. పిల్లలతో ఈ మాట చెప్పడానికి మనం సంకోచించకూడదు. వివేకికీ చూపు అందని చోటు ఉంటుందని తెలిస్తే వారికి మేలే.

ఇక మన ఊరి సరిహద్దు దగ్గరకు వద్దాం. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. 5,495 ఎకరాలు. గొల్లపల్లి, మామిడిపల్లి వైపు రాళ్లగుట్టలు, తుప్పలు, పొలాలు ఉన్న నేల చుట్టూ ప్రహరీ లేచింది. 2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున గొల్లపల్లి వైపు ప్రహరీ దగ్గర ఒక చిరుత కనిపించింది. గోడ మీది తీగలకు తగలడంతో అలారం మోగింది. ఆ నాలుగైదు రోజులు ఈ సభలో ఉన్నవారు ఎలా గడిపారో నేను చెప్పనక్కర్లేదు. పిల్లలను బయటికి పంపాలంటే భయం, పశువులను కట్టేయాలంటే భయం.

ఆ భయాన్ని ఈ ప్రాంతం ఏం చేసిందన్నదే నాకు ముఖ్యం. చూసినవారు చూశామని చెప్పారు. ఆ కబురు అటవీ శాఖకు చేరింది. వారు కెమెరాలు అమర్చారు, బోన్లు పెట్టారు, మేకలను ఎరగా కట్టారు. చిరుత బోను దాకా వచ్చి లోపలికి పోకుండా తిరిగి వెళ్లడం కెమెరాలో కనిపించినా తొందరపడలేదు, కాచుకున్నారు. మే మొదట్లో అది బోనులో పడింది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లి పరీక్షించి, నల్లమలలోని అమ్రాబాద్ అడవికి పంపే ఏర్పాటు చేశారు. ఒక్క మనిషికీ హాని జరగలేదు, చిరుతకూ జరగలేదు. భయం వెయ్యడం సహజం, దాన్ని తగినవారికి చెప్పుకోవడం తెలివి. కర్రలు పట్టుకుని తుప్పల మీద పడి ఉంటే ఏం జరిగేదో దేశంలో చాలా ఊళ్లకు తెలుసు. ఎషే దగ్గర ముఫాసా నేర్చుకున్న ఓర్పును ఆ కెమెరాల దగ్గర కూర్చున్న సిబ్బంది చూపారు. వారిలో ఎవరైనా ఈ సభలో ఉంటే నా చేతులు జోడిస్తున్నాను.

ఇంతకీ విమానాశ్రయానికి చిరుత కంటే పక్షి పెద్ద భయం. రన్‌వే పక్కన గడ్డి ఎత్తుగా పెరగనివ్వకపోవడం, చుట్టూ పది కిలోమీటర్ల లోపు చెత్తా కళేబరాలూ ఆరుబయట పారేయకూడదన్న నిబంధన, పక్షులను బెదరగొట్టే మనుషులు, అన్నీ అందుకే. ఈ సభలో విమానాశ్రయంలో పనిచేసేవారు చాలామంది ఉన్నారు కనుక పక్షుల రాజు గురించి చెప్పి తీరాలి.

నీతిచంద్రికలో మిత్రలాభం గోదావరి ఒడ్డున ఒక బూరుగు చెట్టు దగ్గర మొదలవుతుంది. పావురాల రాజు చిత్రగ్రీవుడు. మనుషులు లేని అడవిలో నేల మీద నూకలు ఎలా వచ్చాయి, దిగకండి అంటాడు. అనుమానం ఎక్కువైతే బతకలేమని ఒక పావురం గొప్పలు పోతుంది. అన్నీ దిగుతాయి, వలలో పడతాయి. మిగతావన్నీ ఆ పావురాన్ని తిట్టడం మొదలెడితే చిత్రగ్రీవుడు ఆపుతాడు. నేను ముందే చెప్పానుగా అనే అవకాశం ఉండీ అనడు. ఆపదలో నిందలకు సమయం లేదు, అందరం ఒక్కసారే ఎగురుదాం అంటాడు. అన్నీ వలతో సహా ఎగిరి, రాజు మిత్రుడు హిరణ్యకుడనే ఎలుక దగ్గర దిగుతాయి. ఎలుక ముందు రాజు కట్లు కొరకబోతే, ముందు నా వాళ్లవి, తర్వాత నావి అంటాడు.

భయాన్ని తగిన మిత్రుడి గుమ్మం దాకా మోసుకెళ్లిన రాజు ఇతడు. ముఫాసా కంటే చిత్రగ్రీవుడే పెద్ద రాజని నా తీర్పు. పంజా లేదు, గర్జన లేదు, సినిమా లేదు. సినిమా లేకపోవడం మన లోటు. హైదరాబాదులో బొమ్మల సినిమా పనితనానికి కొదవ లేదు. ఛోటా భీమ్‌ను సృష్టించిన గ్రీన్ గోల్డ్ ఇక్కడిదే. మోగ్లీ, అకేలాల 'ది జంగిల్ బుక్' ధారావాహికను ప్రపంచ దేశాలకు అందించిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఇక్కడిదే. 'లైఫ్ ఆఫ్ పై' పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్‌కూ ఈ నగరంలో స్టూడియో ఉండేది. పులి ఒంటి మీద వెంట్రుకను కదిలించగల చేతులు పావురం రెక్కను కదిలించలేవా?

చిత్రగ్రీవుడు కథలోనే ఉంటాడనుకోకండి. 2009 జనవరి 15న న్యూయార్క్ లగార్డియా నుంచి లేచిన విమానాన్ని కెనడా బాతుల గుంపు ఢీకొంది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నది మీద దించాడు. లోపల 155 మంది ఉన్నారు. నీరు ఎక్కుతున్న విమానంలో ఆయన రెండుసార్లు ఆ చివరి దాకా నడిచి, ఎవరూ మిగల్లేదని చూసుకుని, ఆఖరున బయటికి వచ్చాడు. అందరూ బతికారు. ముందు నా వాళ్లవి, తర్వాత నావి అన్న పావురాన్ని ఆయన చదివి ఉండడు. కానీ చేసింది అదే పని.

నిర్వాహకులకు ఒక విన్నపం. సారు పేరిట ఉన్న నిధితో ఈ ప్రాంతపు బడుల్లో ముఫాసా సినిమాలు తెలుగులో చూపించండి. చూపించిన మర్నాడు పింగళకుడి కథ, ఆ తర్వాత చిత్రగ్రీవుడి కథ పిల్లల చేతే చెప్పించండి. ముగ్గురిలో రాజెవరో వారిని తేల్చమనండి, మన తీర్పు చెప్పకండి. నత్తి ఉన్న పిల్లలుంటే వారికి చిత్రగ్రీవుడి మాటలు ఇవ్వండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి ఉపన్యాసకుడిని కాకుండా ఒక డబ్బింగ్ కళాకారుడిని పిలిచి, ఆ పిల్లలకు మైకు ముందు ఊపిరి ఎలా పట్టాలో నేర్పించండి. అందుకయ్యే ఖర్చులో నా వంతు ఈ సాయంత్రమే ఇచ్చి వెళ్తాను.